కొత్త దంపతుల తొలి బస

వివాహమైన కొత్తలో ప్రయాణాలు చేయడం మనకు కొత్త కాదు. మూడు నిద్రలు, పదహారు రోజుల పండుగ, ఆషాఢమాసంలో పెండ్లికూతురు పుట్టింటికి పోవడం, శ్రావణంలో తిరిగి రావడం, నడుమ ఇలవేల్పు దర్శనం - ఇట్లా మొదటి సంవత్సరమంతా రాకపోకలతోనే గడిచేది. ఆ రాకపోకలన్నింటిలోను కొత్త జంట వెంట ఎవరో ఒక పెద్దదిక్కు ఉండవలసిందే. వెనుకా ముందూ ఎవరూ లేకుండా ఇద్దరే బయలుదేరి, కొన్నాళ్లు ఇద్దరే ఉండి రావడమన్నది హనీమూన్ అనే మాటతోపాటు మన ఇళ్లలోకి వచ్చిన ఆచారం.

కర్నూలు, కడప ప్రాంతాలలో ఈ ఆచారం నేడు పట్టణాలు దాటి పల్లెలకు కూడ చేరింది. ఒక జంట గండికోటకు పోతుంది. ఒక జంట శ్రీశైలం పోతుంది. బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసుకుంటున్న జంట పారిస్‌కో వెనిస్‌కో విమానమెక్కుతుంది. ఎక్కడికి పోవాలన్న విషయం మీద ఇంట్లో పది రోజులు చర్చ జరుగుతుంది. ఎక్కడ దిగాలన్నది మాత్రం చివరి క్షణంలో ఏ మిత్రుడో చెప్పిన పేరుతో తేలిపోతుంది. నిజానికి చూడవలసిన స్థలం రోజుకు నాలుగు గంటలదైతే, దిగిన గది తక్కిన ఇరవై గంటలది. కాబట్టి బసను ఎన్నుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం అనవసరం కాదు.

బసను పరీక్షించి ఎన్నుకోవడం ఈ దారులకు పాత విద్యే. మద్రాసు సుప్రీంకోర్టులో దుభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా ఉత్తరాదికి సాగి, మరుసటి సంవత్సరం సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్రను చదివినవారికి ఒక సంగతి కనబడుతుంది. మజిలీ చేరగానే ఆయన దృష్టి ముందుగా పోయేది నీటి వసతి మీదికి, అంగళ్ల మీదికి, దిగడానికి సత్రమో చావడియో ఉన్నదా అన్నదాని మీదికి. ఊరి గొప్పతనం ఆ తరువాతి మాట. ఆయనది పరివారంతో చేసిన యాత్ర. కొత్త దంపతుల విహారం కాదు. అయినా ఆయన వేసుకున్న ప్రశ్నలు రెండు వందల ఏండ్లు దగ్గర పడుతున్నా పాతబడలేదు. కొత్త దంపతులు వాటికి ఒక్క ప్రశ్న మాత్రం చేర్చుకోవాలి. అది ఏకాంతాన్ని గురించిన ప్రశ్న.

ఈ ప్రశ్న మన ప్రాంతంలో చిన్నదిగాదు. రాయలసీమ పల్లెలలో మిద్దె ఇల్లంటే ఇంటిల్లిపాదికీ ఉమ్మడి నివాసం. వేసవి వచ్చిందంటే అందరి పడకలూ మిద్దె మీదికి చేరుతవి. అట్టి ఇంట కొత్త కోడలికి తలుపు వేసుకొనే గది దొరకడమే కష్టం. అంతవరకు ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోని ఇద్దరు, ఇరవైమంది చూపుల నడుమ పరిచయం చేసుకోవలసి వస్తుంది. ఇక రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌లో పనిచేసే యువకులున్న ఇండ్ల సంగతి చూడండి. సెలవు మీద వచ్చి, పెండ్లి చేసుకొని, సెలవు ముగియగానే తిరిగి పోవలసినవారు వాళ్లు. ఆ కొద్ది రోజులలో సగం విందులకు, వీడుకోళ్లకు పోతుంది. మిగిలిన నాలుగు రోజుల మాటలతోనే ఆ భార్యాభర్తలు రాబోయే ఏడాదీ రెండేండ్లూ గడుపుకోవాలి. అట్టివారికి హోటలు గది విలాసం కాదు. అది లోపలినుంచి గడియ వేసుకోదగిన ఒక తలుపు. బస ఎన్నుకొనేటప్పుడు ఈ ప్రయోజనాన్ని మరచిపోరాదు.

మొదట కాలాన్ని చూడాలి. మనకు ముహూర్తాలు పంచాంగం ప్రకారం వస్తవి. హోటళ్ల రద్దీ కూడ చాలవరకు పంచాంగం ప్రకారమే వస్తుంది. మాఘంలో వివాహమైనవారు శ్రీశైలం పోదలచుకుంటే మహాశివరాత్రి ఎప్పుడో ముందు చూసుకోవాలి. ఉగాది దగ్గర పడినప్పుడు కర్ణాటక నుంచి వేలాది భక్తులు కాలినడకన అక్కడికి చేరుతారు. ఫాల్గుణంలో అహోబిల బ్రహ్మోత్సవాలు. ఆ రోజులలో దర్శన పుణ్యం లభిస్తుందిగాని గది లభించడం కష్టం. లభించినా ఏకాంతం లభించదు. వైశాఖ జ్యేష్ఠాల పెండ్లిండ్లవారికి మరొక చిక్కు. గండికోటలో పెన్నానది ఎర్రని రాతికొండలను కోసుకొని పారిన లోయ చూడదగినదే. కాని ఆ నెలలలో పగలంతా కాగిన రాయి రాత్రి చాలాసేపటి వరకు చల్లారదు. అక్టోబరు మొదలుకొని ఫిబ్రవరి వరకు అదే చోటు హాయిగా ఉంటుంది.

మన దగ్గరి బసలు మూడు తరగతులవి. దేవస్థానాల వసతి గృహాలు, కుల సంఘాల సత్రాలు ఒక తరగతి. పర్యాటక శాఖవారి హరిత హోటళ్లు రెండవ తరగతి. ప్రైవేటు హోటళ్లు, లాడ్జీలు మూడవవి.

శ్రీశైలంలో దేవస్థానంవారి గంగాసదనం, గౌరీసదనం వంటి వసతి గృహాలున్నవి, సత్రాలు అనేకం. ఖర్చు తక్కువ, భోజనానికి ఇబ్బంది లేదు, గుడికి నడచి పోవచ్చు. అయితే సత్రంలో దిగినప్పుడు సొంత ఊరివారో, చుట్టాలో ఎదురుపడకుండా ఉండరు. ఎవరి కోడలమ్మా, ఏ ఊరమ్మా అన్న ప్రశ్నలకు సమాధానాలు చెప్పుకుంటూ ఉదయం గడిచిపోతుంది. పెద్దలతో కలిసి మొక్కు తీర్చుకొనే ప్రయాణానికి సత్రం శ్రేష్ఠం. ఇద్దరే గడపవలసిన రెండు రోజులకు అది అనుకూలం కాదు. నల్లమల అడవి దారులలో రాత్రివేళ వాహనాలను సాగనివ్వరన్నది కూడ గుర్తుంచుకోవాలి. ఆలస్యంగా బయలుదేరినవారు తనిఖీ కేంద్రం వద్దనే తెల్లవార్చవలసి వస్తుంది.

గండికోటలో కోటకు సమీపంలో పర్యాటక శాఖవారి బస ఉన్నది. అక్కడ దిగినవారికి ఉన్న లాభం సూర్యోదయం. జమ్మలమడుగులో దిగి తెల్లవారుజామున బండి మాట్లాడుకొని రావడం వేరు. గది తలుపు తీసి కొంత దూరం నడచి లోయ అంచున నిలువడం వేరు. మాధవరాయస్వామి ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం - వీటిని జనం చేరకముందే ప్రశాంతంగా చూడవచ్చు. కాని గదులు పరిమితం. సెలవు దినాలలోను, సంక్రాంతి రోజులలోను నమ్ముకొని పోవడానికి లేదు. అంగళ్లు తక్కువ కాబట్టి రాత్రి భోజనం ఎక్కడ, ఎన్ని గంటలవరకు దొరుకుతుందో గది తీసుకొనేటప్పుడే అడగాలి.

వేసవి జంటలకు మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండలు తగినవి. ఈ కొండకు పేరు వచ్చింది కడప జిల్లా కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ. డి. హార్సిలీ అనే ఆంగ్లేయుని వలన. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కడప ఎండకు తాళలేక ఆ కలెక్టరు 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఏనుగుమల్లమ్మ కొండ మీద తనకొక వేసవి నివాసం ఏర్పరచుకున్నాడు. సముద్రమట్టానికి నాలుగు వేల అడుగులకు పైబడిన ఎత్తు కాబట్టి, కింద సెగలు కక్కుతున్నప్పుడు పైన సాయంకాలం చల్లగాలి వీస్తుంది. కొద్దిపాటి సెలవు మీద వచ్చిన కువైట్ ఉద్యోగికి, దూరదేశంలో హడావిడిగా గడిపే వారంకన్న ఈ కొండమీద నిదానంగా గడిపే రెండు రోజులు ఎక్కువ మేలు చేస్తవని నా నమ్మకం.

ఇక సముద్రాలు దాటి పోయేవారి సంగతి. ఐరోపా నగరంలో హోటలు ఎన్నుకోవడం కడప బస్టాండు దగ్గర గది చూసుకోవడం వంటిది కాదు. ఇక్కడ గది నచ్చకపోతే పక్క హోటలుకు పోవచ్చు. అక్కడికి పోవడానికి షెంజెన్ వీసా కావాలి. దరఖాస్తుతోపాటు ఎక్కడ బస చేయబోతున్నారో చూపే కాగితాలు, కనీసం 30,000 యూరోల వరకు వర్తించే ప్రయాణపు వైద్య బీమా జతచేయాలి. ప్రయాణానికి ఆరు నెలలకంటె ముందు దరఖాస్తు చేయరాదు. 15 రోజులకంటె ఆలస్యం చేయరాదు. కనుక బస నిర్ణయం ఇల్లు కదలకముందే జరగాలి. వీసా చేతికి రాకముందే డబ్బు తిరిగి రాని పద్ధతిలో గది తీసుకోవడం అవివేకం. ఏ తేదీవరకు రద్దు చేసుకుంటే సొమ్ము పూర్తిగా వాపసు వస్తుందో చదివి, ఆ తేదీని గోడమీది కేలండరులో గుర్తుపెట్టుకోవాలి.

ఉదాహరణకు వెనిస్ నగరాన్ని తీసుకుందాము. నీళ్ల బిందె విలువ తెలిసిన మన సీమ జంటలకు నీటిమీద వెలసిన ఆ నగరం మీద మోజు కలగడం సహజం. అక్కడ రోడ్లకు మారు కాలువలు. బస్సులకు మారు వపొరెట్టో అనే పడవలు. రైలు నగరపు అంచున శాంతాలూచియా స్టేషను వరకు పోతుంది. మోటారు వాహనాలు పియజ్జాలే రోమా అనే చోట ఆగిపోతవి. అక్కడినుంచి పడవ, లేదా కాలినడక. నగరంలో నాలుగు వందలకు పైగా వంతెనలున్నవి. వాటిలో ఎక్కువ భాగం మెట్ల వంతెనలు. పెండ్లిచీరలతో నింపిన రెండు పెద్ద పెట్టెలు మోసుకొని ఆరు వంతెనలు ఎక్కి దిగిన జంటకు ఆనాటి సాయంకాలం ప్రణయం మీద మనసు పోదు. అందువల్ల హోటలుకు ఎన్ని నక్షత్రాలని అడగడానికి ముందు, పడవ దిగినచోటి నుంచి ఎన్ని వంతెనలని అడగాలి. ఇంటి నంబర్లు వీధివారీగా కాక, ఆరు పేటలకు పేటవారీగా వేలలోకి సాగుతవి. నంబరు పట్టుకొని వెదకడం కొత్తవారికి కష్టం. అతి దగ్గరి పడవ రేవు పేరు హోటలువారినే అడిగి వ్రాసుకోవాలి.

వెనిస్‌లో అద్దెలు ఎక్కువని చాలామంది మెస్త్రేలో దిగుతారు. అది ప్రధాన భూభాగం మీది పేట; రైలులో పది నిమిషాల దారి. అద్దె తక్కువే. కాని వెనిస్ మాధుర్యమంతా పగటి యాత్రికులు వెళ్లిపోయిన తరువాత, రాత్రి తొమ్మిది గంటలకు, నీటి చప్పుడు తప్ప వేరే చప్పుడు లేని సందులలో ఉన్నది. ఆ వేళకు రైలెక్కి వేరే ఊరికి పోవడమంటే, పెండ్లికి పోయి తాళి కట్టే వేళకు లేచి వచ్చినట్లే. నాలుగు రాత్రులు మెస్త్రేలో ఉండడానికి బదులు రెండే రాత్రులు ద్వీపంలోనే ఉండి రావడం మంచిది. 2024 ఏప్రిల్ 25 నుంచి, ఒక్కరోజు చూసిపోయేవారి మీద వెనిస్ నగరపాలకులు రద్దీ రోజులలో ప్రవేశ రుసుము విధించడం మొదలుపెట్టినారు. నగరంలో రాత్రి బస చేసేవారికి ఆ రుసుము లేదు. బదులుగా తలకింత, రాత్రికింత చొప్పున బస పన్ను ఉంటుంది. ఇటువంటి పన్నును పారిస్ మొదలైన నగరాలలోను వసూలు చేస్తారు. చాలా చోట్ల అది అద్దెలో కలిసి ఉండదు. హోటలులో విడిగా చెల్లించవలసి వస్తుంది. లెక్క వేసుకొనేటప్పుడు దీన్ని కలుపుకోవాలి.

కార్తీకంలో పెండ్లి అయిన జంటలు ఒక విషయం గమనించాలి. శరదృతువు చివర, చలికాలంలో వెనిస్‌లో సముద్రపు పోటు నీరు వీధులలోకి వచ్చేది. 2019 నవంబరు 12న నీరు 187 సెంటిమీటర్ల మట్టానికి లేచింది. 2020 అక్టోబరు నుంచి సముద్ర ముఖద్వారాల వద్ద లేచే తలుపులు ఆ ఉధృతిని అడ్డుకుంటున్నవి. అయినా ఆ నెలలలో నేల అంతస్తు గది కన్న పై అంతస్తు గది కోరుకోవడం మంచిది. చుట్టూ నీరున్న ఆ నగరవాసులు తరతరాలుగా వాననీటిని కూడళ్ల కింద కట్టిన తొట్లలోకి ఇసుక గుండా వడగట్టి తాగినవారే. 1884లో ప్రధాన భూభాగం నుంచి గొట్టాలద్వారా మంచినీరు వచ్చేవరకు వారి ఆధారం అదే. కూడళ్లలో నేడు అలంకారంగా నిలిచి ఉన్న రాతి బావి ఒరలను చూసినప్పుడు మన సీమవారికి అది పరాయి ఊరనిపించదు.

ఎండను గురించి మనకొక ధీమా ఉన్నది. కర్నూలు వేసవిని కాచినవారికి ఐరోపా ఎండ ఒక లెక్కా అనుకుంటాము. కాని 2019 జూలై 25న పారిస్‌లో 42.6 డిగ్రీల వేడి నమోదైంది. అక్కడి పాత భవనాలు వెచ్చదనాన్ని నిలుపుకోవడానికి కట్టినవి; చాలా హోటళ్లలో చల్లని గాలి యంత్రం ఉండదు, కొన్నింటిలో పంకా కూడ ఉండదు. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో పోయేవారు ఈ రెండూ ఉన్నవా అని విడివిడిగా అడగాలి. లిఫ్టు ఉన్నదా అన్నది మరొక ప్రశ్న; నాలుగంతస్తుల పాత ఇల్లు హోటలుగా మారినచోట ఇరుకు మెట్లే గతి కావచ్చు. జర్మనీ, ఆస్ట్రియా దేశాలలో జంట మంచమంటే తరచు ఒకే చట్రంలో రెండు విడి పరుపులు, రెండు విడి దుప్పట్లు. అది వారి ఆచారం. కొత్త దంపతులు ఒకే పరుపు కావాలని ముందే వ్రాసి అడగడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు.

భోజనం సంగతి మన అమ్మలకు పెద్ద బెంగ. చెనక్కాయల పొడి, ఊరగాయ పెట్టెలో పెట్టి పంపుతారు, సరే. నెయ్యి డబ్బా, పాలకోవా మాత్రం వద్దు. బయటి దేశాల ప్రయాణికులు పాల పదార్థాలను, మాంసపు పదార్థాలను తీసుకురావడాన్ని ఐరోపా సంఘం నిషేధించింది. శాకాహారులు చిన్న వంట వసతి గల గదిని ఎన్నుకుంటే పూటకొక ఫలహారశాలను వెదికే శ్రమ తప్పుతుంది. అయితే హనీమూన్‌లో కూడ ఆ వంట పెండ్లికూతురి మీదనే పడేటట్లయితే ఆ వసతి లేని గదే మేలు.

పేర్ల విషయంలో ఒక హెచ్చరిక. హోటలు, టిక్కెట్టు, పాస్‌పోర్టు - మూడింటిలోను పేరు ఒకే విధంగా ఉండాలి. పెండ్లి కాగానే అత్తింటివారి ఇంటిపేరుతో టిక్కెట్టు కొని, పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉన్నప్పుడు చిక్కులు వస్తవి. వివాహమైనంత మాత్రాన పాస్‌పోర్టులో పేరు మార్చుకోవాలన్న నిర్బంధం లేదు. పుట్టింటి పేరుతోనే ప్రయాణం చేయవచ్చు. ఏ పేరు నిలుపుకోవాలన్నది ఆ అమ్మాయి తీరికగా నిర్ణయించుకోవలసిన విషయం; టిక్కెట్ల తొందరలో మరెవరో నిర్ణయించవలసింది కాదు.

దీనినిబట్టి అసలు మాటకు వస్తాను. గండికోట గదిని గురించిగాని, వెనిస్ గదిని గురించిగాని ఇంతవరకు చెప్పిన ప్రశ్నలన్నింటినీ మన ఇళ్లలో సాధారణంగా ఎవరు అడుగుతారు? వరుడు, అతని మిత్రులు, ఒక్కొక్కసారి మామగారు. పెండ్లికూతురికి చివర కబురు అందుతుంది. ఆమెకు ఎత్తైన చోట్లంటే భయమేమో, పడవ ప్రయాణం పడదేమో, తెల్లవార్లూ మోటార్ల మోత వినిపించే గదిలో నిద్ర పట్టదేమో అడిగినవారుండరు. కొత్త మనిషి కాబట్టి ఆమె కూడ ఎక్కడైనా సరేనంటుంది. ఆ సరే అన్న మాటను ఇష్టంగా లెక్కగట్టరాదు. అది చాలాసార్లు మొగమాటం. రెండు మూడు హోటళ్ల వివరాలు ఆమె ముందుంచి, ధరలతో సహా చూపి, ఏది బాగుంటుందని అడిగిన భర్త ఆమెతో మొదటిసారి సంసారం గురించి మాట్లాడినట్లు లెక్క. గది ఎన్నికలో ఆమె మాట నెగ్గినప్పుడు, రేపు ఇల్లు కట్టేటప్పుడు, బిడ్డను బడిలో వేసేటప్పుడు కూడ మాట్లాడే చొరవ ఆమెకు వస్తుంది.

ధర చూపించాలన్నదానికి మరొక కారణం ఉన్నది. వాన నమ్మకం లేని మన మెట్టసీమలో పెండ్లి ఖర్చుకే అప్పు చేసే కుటుంబాలు తక్కువ కాదు. దాని మీద హనీమూన్ కోసం మరొక అప్పు తెచ్చి, ఆ సంగతి భార్యకు చెప్పకుండా దాచడం కాపురాన్ని దాపరికంతో ప్రారంభించడమే. వాయిదాలు కట్టే నెలలు వచ్చినప్పుడు వెనిస్ ఫొటోలు చూసి ఎవరికీ సంతోషం కలగదు. ఇంత ఉన్నది, ఇంతలో పోదాము అని ఇద్దరూ లెక్క చూసుకొని హార్సిలీ కొండల మీద తీసుకున్న గది, దాచిన అప్పుతో తీసుకున్న మహానగరపు గది కన్న విశాలమైనది.

కనుక హనీమూన్ బస ఎన్నుకొనేవారు కాలం చూడండి, దూరం చూడండి, నీరూ గాలీ చూడండి, రద్దు నిబంధనలు చదవండి, పన్నులతో కలిపి ఖర్చు లెక్క వేయండి. తలుపు వేసుకుంటే బయటి లోకం బయటనే ఉంటుందా అని విచారించండి. ఈ విచారణంతా ఇద్దరూ పక్కపక్కన కూర్చొని చేయండి. పెద్దలు చేయవలసిన సాయం ఒక్కటే: ఆ రెండు రోజులూ ఫోను చేసి ఏం తిన్నారు, ఎక్కడ ఉన్నారు అని గంటకొకసారి అడగకుండా ఉండడం.